తాళ్ళక్క వేసిన ముడి

మేనేజరు తాళ్ళక్క చేతిలోంచి తాడు లాక్కున్నాడు. మిల్లులో సగం జనం చూస్తుండగానే లాక్కున్నాడు.

“ఇంకెంతసేపే? మీ నత్తనడకకి నా మిల్లు ఆగాలా?” అంటూ ఆ తాడుని కసిగా మూడుసార్లు గుంజాడు.

“అయ్యో, వద్దు సార్!” అని తాళ్ళక్క అరిచేసరికే అయిపోయింది.

ఏమైపోయిందో తెలియాలంటే ముందు ఆ పని సంగతి తెలియాలి. అది బట్టలకి రంగులద్దే మిల్లు. కింద బాయిలరు. దాని వెనక నేలబారుగా పొగదారి. ఆ దారి ఓ వంపు తిరిగి నిట్టనిలువుగా పొగగొట్టమై లేస్తుంది. లోపల పేరుకున్న మసి దులపడానికి పెద్ద ఇనపతీగల బ్రష్షు ఉంటుంది. ఒళ్ళంతా తీగలు పొడుచుకొచ్చి ఉంటాయని దాన్ని అందరూ పంది అంటారు. గొట్టం పైఅంచు మీద కూర్చున్న మనిషి పందిని తాడు కట్టి కిందికి వదులుతాడు. పందికి కింద ఇంకో తాడు. వంపు దగ్గర మసి తలుపు ముందు నిలబడ్డ మనిషి ఆ తాడు పట్టి దాన్ని బయటికి లాగుతుంది. పైవాళ్ళ కేక కిందికి రాదు, కిందివాళ్ళ కేక పైకి పోదు. వాళ్ళకి తాడే నోరు. ఒక్కసారి గుంజితే వదలమని. రెండుసార్లయితే ఆగమని. మూడుసార్లంటే మాత్రం ప్రాణాల మీదికొచ్చింది, ఉన్న బలమంతా పెట్టి లాగమని. మూడు గుంజుళ్ళొస్తే ఎందుకని అడిగేవాడు ఆ పనికి పనికిరాడు. ముందు లాగాలి, తర్వాతే మాటలు.

పైన కూర్చున్నవాణ్ణి కోతి అంటారు, గొట్టాలెక్కడంలో అంత మొనగాడు. మూడు గుంజుళ్ళు అందగానే, కింద ఎవరికేమయిందోనని కాళ్ళు తన్నిపెట్టి పైకి లాగాడు. పంది తీగలు పైకి వాలి ఉంటాయి. దిగేప్పుడు గోడని రాసుకుంటూ దిగుతాయి, వెనక్కి లాగితే విచ్చుకుని ఇటుకల సందుల్లో దిగబడతాయి. అంతే, వంపుకి కాస్త పైన పంది బిగుసుకుపోయింది. కింది తాడు కొక్కెం నుంచి ఊడి మేనేజరు బూట్ల మీద పడింది. క్షణంలో పొగ వెనక్కి తన్ని హాలంతా కమ్మేసింది. రంగుతొట్ల దగ్గరి ఆడవాళ్ళు దగ్గుతూ గుమ్మాల వైపు పరిగెత్తారు.

“చూశారా వీళ్ళ చేతగానితనం!” అన్నాడు మేనేజరు, ముక్కుకి రుమాలు అడ్డుపెట్టుకుని.

తాళ్ళక్కకి ఒళ్ళు మండిపోయింది. ఇరవై ఏళ్ళుగా తాడు పట్టిన చెయ్యి అది. అందుకే ఆమె పేరు తాళ్ళక్క.

“నిప్పు బూడిద కింద కప్పెట్టండి. ఎవడో ఒకడు లోపలికి దూరి దాన్ని ఊడదియ్యాలి. నువ్వు రారా, సన్నగా ఉన్నావు,” అని మేనేజరు పుల్ల వైపు వేలు చూపించాడు.

పుల్ల తాళ్ళక్కకి మరిది. ముప్ఫై దాటినా ఒంటి మీద గుప్పెడు కండ లేదు, నోరు మాత్రం ఊరంత. అంత నోరున్నవాడూ ఇప్పుడు వదిన వైపు చూశాడు. వదిన మసి తలుపు వైపు చూస్తోంది.

రెండేళ్ళ కిందట ఆ తలుపులోంచే ఆమె పెనిమిటి లోపలికి పాకాడు. అప్పుడూ ఇదే మాట. నిప్పు ఆరిస్తే గొట్టం చల్లారేసరికి ఓ పగలూ రాత్రీ మిల్లు ఆగుతుంది కాబట్టి, బూడిద కప్పితే చాలన్నారు. తాడు ఆమె చేతిలోనే ఉంది. మూడు గుంజుళ్ళొచ్చాయి. లాగింది. అరచేతుల తోలు ఊడేలా లాగింది. బయటికొచ్చిన మనిషికి ఊపిరి లేదు. అజాగ్రత్త వల్ల పోయాడని కంపెనీవాళ్ళు కాగితం రాసుకున్నారు. అజాగ్రత్తట! చొక్కా గుండీ ఊడితే కుట్టించుకునేదాకా గుమ్మం దాటని మనిషి.

“నిప్పు పూర్తిగా ఆరితేనే మావాడు లోపలికి పోతాడు,” అంది తాళ్ళక్క.

“చెప్పడానికి నువ్వెవతివే?”

“తాడు పట్టేదాన్ని. నేను పొమ్మంటేనే లోపలికి పోతారు. ఈ పనిలో రివాజది.”

“నీ రివాజు నీ ఇంట్లో పెట్టుకో. గంటలో పంది బయటికి రావాలి. రాకపోతే గొట్టం పనివాళ్ళందరూ గేటు బయటే,” అని మేనేజరు ఆఫీసు మెట్లెక్కాడు.

పొగ పల్చబడ్డాక హాల్లో జనం గుంపులు గుంపులుగా నిలబడ్డారు. గొట్టం పనివాళ్ళు ఓ మూల. బొగ్గు వేసేవాళ్ళు బాయిలరు దగ్గర. రంగుతొట్లవాళ్ళు గుమ్మంలో. ఎప్పుడూ అంతే, ఒకరి పక్కన ఒకరు కూర్చోరు. మసి అంటుతుందని వాళ్ళు దూరం, రంగు అంటుతుందని వీళ్ళు దూరం. మేనేజరుకి అదే కదా కావలసింది!

ముందు నోరు తెరిచింది నీలి అత్త. ముప్ఫై ఏళ్ళు నీలిరంగు తొట్టిలో ముంచి ముంచి ఆమె చేతులు మోచేతుల దాకా నీలంగా మిగిలిపోయాయి.

“ఏమ్మా తాళ్ళక్కా, మీ గొడవకి మిల్లు ఆగితే మా పనీ పోతుంది. ఆ పిల్లాణ్ణి ఓసారి దూరి రమ్మనరాదూ?”

“పిల్లాడెవరత్తా, నాకు తెల్లవెంట్రుకలొస్తుంటే!” అన్నాడు పుల్ల. ఒకరిద్దరు నవ్వారు. పుల్ల నవ్వలేదు. “వదినా, పోతాలే. నావల్ల ఇంతమందికి పని పోతే రేపు ఏ మొహం పెట్టుకుని తిరగను?”

“నోర్ముయ్!” అంది తాళ్ళక్క. “మీ అన్నా ఇదే మాటన్నాడు. నేనూ సరేనన్నాను. పొమ్మన్నది ఈ నోరే. రెండేళ్ళుగా నా చేతుల్లో మంట పుట్టని రోజు లేదు. మళ్ళీ అనను. కాళ్ళమీద పడ్డా అనను.”

అప్పుడు బాయిలరు దగ్గర్నుంచి బొగ్గుల బాబాయి లేచాడు. బొగ్గు వేసేవాళ్ళలో పెద్దవాడు, నోట్లోంచి మాట ఊడిపడటమే అరుదు. వచ్చి తాళ్ళక్క ఎదురుగా నిలబడ్డాడు గానీ ఆమె మొహంలోకి చూడలేకపోయాడు.

“అమ్మాయ్, నీ పెనిమిటి అజాగ్రత్త వల్ల పోలేదు,” అన్నాడు. “ఆ రోజు ఆవిరి తగ్గిపోతోందని మేనేజరు మెట్ల మీంచి కేకేశాడు, గాలి తలుపు తెరవమని. లోపల మనిషున్నాడు సార్ అన్నాను. అయిపోవచ్చిందిలే, తెరువన్నాడు. తెరిచాను. బూడిద కింద నిప్పు ఒక్కసారి భగ్గుమంది. నువ్వు అరవడం విన్నాను, మూసేలోపు ఆలస్యమైపోయింది. తెరిచింది ఈ చెయ్యేనమ్మా.”

తాళ్ళక్క చెయ్యెత్తింది. కొడుతుందనే అనుకున్నారంతా. బాబాయి కూడా అలాగే నిలబడ్డాడు. ఎత్తిన చెయ్యి ఆయన భుజం మీద పడింది. ఆయన చొక్కా గుప్పిట్లో పట్టుకుని ఏడ్చింది, రెండేళ్ళ ఏడుపు. ఏడుస్తూనే అడిగింది.

“ఇవాళ కేకేస్తే?”

“తెరవను.”

“నువ్వు తెరవకపోతే ఇంకోడితో తెరిపిస్తాడు బాబాయ్. అందరూ తెరవనంటేనే పుల్ల బతుకుతాడు.”

అక్కణ్ణుంచి వాదన మొదలైంది. అబ్బ, ఏం వాదనలే! పని పోతే పిల్లల్ని ఎవరు చూస్తారన్నారు. ఇవాళ గొట్టం పనివాడు, రేపు తొట్టిలో పడేది మనం కాదా అన్నారు. ఒకడు పిరికివాడివన్నాడు, ఇంకొకడు చొక్కా పట్టుకున్నాడు. ఇంతలో కోతి పైనుంచి దిగొచ్చాడు. నేను లాగబట్టే ఇరుక్కుందని తల బాదుకుంటుంటే, “నువ్వు లాగింది మనిషి కోసంరా,” అంది నీలి అత్త. అని, కాసేపు తన నీలి చేతులకేసి చూసుకుంది.

“సరే. ఆర్పండి,” అంది.

బొగ్గుల బాబాయి పార తీసుకున్నాడు. నిప్పులన్నీ ముందుకి లాగి ఇనపరేకు మీద పోశాడు. రంగుతొట్ల ఆడవాళ్ళు బకెట్లతో నీళ్ళు తెచ్చి కుమ్మరించారు. బుసబుసమంటూ ఆవిరి లేచింది. ఆఫీసు మెట్ల మీంచి మేనేజరు కేకలు వేస్తూనే ఉన్నాడు, ఎవరూ తలెత్తలేదు.

గొట్టం చల్లబడేదాకా ఎవరూ ఇంటికి పోలేదు. బాయిలరు ముందు వరసగా కూర్చున్నారు. ఈసారి ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో చూసుకోలేదు. తెల్లారాక తాళ్ళక్క మసి తలుపులో మోచెయ్యి దాకా పెట్టి ఇటుక తాకి చూసింది. చల్లగా ఉంది. పుల్ల నడుముకి తాడు బిగించి తన ముడి తనే వేసింది. వేసినవాళ్ళు తప్ప ఆ ముడి ఇంకెవరూ విప్పకూడదు, తాడు కొయ్యకూడదు. మనిషి ప్రాణం వేలాడేది దాని మీదే కాబట్టి గొట్టం పనివాళ్ళు ఆ మాట ఒట్టులా పాటిస్తారు.

“పో,” అంది. ఆ ఒక్క మాట అనడానికి ఆమెకి చాలాసేపు పట్టింది.

పుల్ల పాకి లోపలికి పోయాడు. ఇటుక మీద ఉలి దెబ్బలు వినపడుతున్నాయి. సరిగ్గా అప్పుడే మేనేజరు పిలిపించిన పోలీసులొచ్చారు. మేనేజరు వేలెత్తి చూపించాడు, “అదిగో, అదే!”

“తాడొదిలి రా,” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

“లోపల మనిషున్నాడయ్యా. వదలను.”

ఇన్‌స్పెక్టరు కళ్ళతో సైగ చేశాడు. ఓ కానిస్టేబులు ముందుకొచ్చి తాడు మీద చెయ్యేశాడు.

“పట్టుకో నాయనా,” అంది తాళ్ళక్క మెత్తగా. “ఒక్క గుంజుడొస్తే వదులు. రెండొస్తే ఆపు. మూడొస్తే ప్రాణం పెట్టి లాగు. మరిచిపోకు. వాడికి చిన్న కూతురుంది.”

కానిస్టేబులు వదలాలో పట్టుకోవాలో తెలీక రెండు చేతులతోనూ గట్టిగా పట్టుకున్నాడు. జనంలోంచి నవ్వొచ్చింది. ఇన్‌స్పెక్టరు మొహం మాడిపోయింది.

“వదలరా దాన్ని!”

“సార్... లోపల మనిషి...” అన్నాడు కానిస్టేబులు.

అంతలో తాడు కదిలింది. ఒకటి. రెండు. మూడు.

తాళ్ళక్క లాగింది. ఆమె వెనక బొగ్గుల బాబాయి, ఆయన వెనక నీలి అత్త, ఆమె వెనక కోతి, తొట్లవాళ్ళు, బొగ్గువాళ్ళు, గుమ్మం దాకా బారులు తీరి లాగారు. మధ్యలో కానిస్టేబులూ లాగాడు, టోపీ కిందపడ్డా చూసుకోలేదు. మసిలోంచి ముందు రెండు పాదాలొచ్చాయి. తర్వాత పుల్ల వచ్చాడు. వాడి చేతుల్లో తీగలన్నీ వంకరపోయిన పంది. ఊడగానే మీద పడి పక్కటెముకల దగ్గర చీరింది. రక్తం కారుతోంది, కానీ ఊపిరి ఉంది. పళ్ళు బయటపెట్టి నవ్వుతున్నాడు.

“అన్నకి కాగితం రాసుకున్నట్టు నాకూ రాసుకోమను వదినా,” అన్నాడు, “చావలేదని.”

తాళ్ళక్క వాడి మొహం రెండు చేతుల్లోకి తీసుకుంది. తర్వాత నడుము ముడి విప్పింది. విప్పిన తాడుతో తిన్నగా బాయిలరు దగ్గరికి నడిచింది. నిప్పు తలుపు పిడికీ గాలి తలుపు పిడికీ కలిపి చుట్టి, మోకాలు ఆనించి, బిగించి ముడి వేసింది.

“లోపల మనిషుంటే నిప్పుండకూడదని రాసివ్వండి. మా ఆయన ఎలా పోయాడో ఆ నిజమూ రాసివ్వండి. అప్పుడు విప్పుతాను,” అంది.

ఆమె చేతులకి బేడీలు పడ్డాయి. నిప్పు లాగింది నేనే, గాలి తలుపు సంగతి కోర్టులోనే చెబుతానంటూ బొగ్గుల బాబాయి తన చేతులు తనే చాపాడు.

“ఆ ముడి విప్పండిరా!” అని మేనేజరు అరిచాడు. ఎవరూ కదల్లేదు. “కత్తి తెండి, కోసేస్తాను!” కత్తీ ఎవరూ తేలేదు. నీలి అత్త వెళ్ళి ఆ తాడు మీద తన నీలి చెయ్యి వేసి నిలబడింది. ఆమె పక్కన పుల్ల, మసీ రక్తంతో. ఆ పక్కన ఇంకొకరు. తాడు కనపడకుండా చేతులు కమ్మేశాయి. నలుపు, నీలం, ఎరుపు, పసుపు, తొట్టికొక రంగు.

మేనేజరు తాళ్ళక్కని ఎక్కించిన పోలీసు వ్యాను దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. “మిల్లు ఆగిపోయింది సార్! దీన్ని ఓసారి దింపండి, విప్పేసి పోతుంది!”

ఇన్‌స్పెక్టరు తాళ్ళక్క వైపు తిరిగాడు. ఆమె బేడీల చేతులు ఆయన ముందు పెట్టింది.

“మీరు వేసింది ముందు మీరు విప్పండి,” అంది. “నేను వేసింది తర్వాత చూద్దాం.”