మెలకువలో ఉన్నవాళ్ళ డాక్టరు

పరుపుల వ్యాపారంలో నేను ముప్ఫై ఏళ్ళున్నాను. ఎవరిని ఎక్కడ నిలబెట్టాలో తెలియడమే అందులో సగం లాభం. మాటకారిని కౌంటర్లో ఉంచాలి, నోరు విప్పనివాణ్ణి గోదాములో ఉంచాలి. తారుమారు చేస్తే ఇద్దరూ పాడవుతారు, సరుకూ కదలదు. ఈ లెక్క నా దుకాణంలో ఎన్నడూ తప్పలేదు. తప్పింది నా ఇంట్లో.

మా అమ్మాయి పుట్టు వాగుడుకాయ. డాక్టరు చదువు పూర్తిచేసి, పై చదువుకు ఏ విభాగం తీసుకోమంటావని అడిగినప్పుడు నేను గిరాకీ చూశాను. ఏ ఆపరేషనుకైనా మత్తు ఇచ్చే డాక్టరు ఉండి తీరాలి. అదే తీసుకోమన్నాను, తీసుకుంది. తండ్రి పరుపులమ్ముతాడు, కూతురు నిద్రపుచ్చుతుంది, ఊరికి ఇంకేం కావాలని మా ఆవిడ నవ్వేది.

పదకొండేళ్ళు గడిచాయి. పనిలో దానికి వంక పెట్టినవాళ్ళు లేరు. ఇంటికొస్తే మాత్రం సంచీ పక్కన పడేసి గోడకేసి చూస్తూ కూర్చునేది. అలసటేలే అనుకున్నాను.

ఈమధ్య వాళ్ళ ఆసుపత్రిలో, నయంకాని జబ్బులవాళ్ళకు నొప్పి తగ్గించే విభాగం ఒకటి కొత్తగా పెడుతున్నారు. దానికి రమ్మని మా అమ్మాయిని అడిగారు. శనివారంలోగా జవాబు చెప్పాలి. వెళ్ళాలని ఉందని, నేను సరేనంటేనే వెళ్తానని చెప్పింది. నేను ససేమిరా అన్నాను. నడుస్తున్న దుకాణం మూసి సందు చివర కొత్తది తెరుస్తారా అని అడిగాను. అది వాదించలేదు. దానికి మాటలు కరువవడం నాకు అప్పుడే వింతగా తోచాల్సింది.

ఆ వారమే నాకు హెర్నియా ఆపరేషను పడింది. డాక్టర్లు సొంతవాళ్ళకు తామే మత్తు ఇవ్వరట. దాని తోటి డాక్టరు వచ్చాడు. నర్సులు ఆయన్ని మునీశ్వరుడంటారు. వెన్నులో సూది గుచ్చి, నడుము కింద మొద్దుబారిందో లేదో చూసి, నా తల దగ్గర స్టూలు మీద కూర్చున్నాడు. అడ్డంగా కట్టిన గుడ్డ అవతల సర్జన్లు వాళ్ళ పనిలో ఉన్నారు. ఊసుపోక, ఈ పని మీకు బాగుంటుందా అని అడిగాను.

"నాకు ఇంతకన్నా మంచి పని దొరకదండీ," అన్నాడు మెల్లగా. "పేషెంటు నిద్రపోయాక ఇక ఈ మిషను చప్పుడే. ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. సాయంత్రానికి ప్రాణం హాయిగా ఉంటుంది."

"మరి మా అమ్మాయికి?"

ఆయన మిషను మీది అంకెలు ఒకసారి చూసుకున్నాడు. "మీ అమ్మాయి పని నాకన్నా శుభ్రం. కానీ ఆవిడ పేషెంట్లతో ఏదో కబురు మొదలుపెడతారు, వాళ్ళు సగంలో నిద్రపోతారు. మధ్యాహ్నం భోజనం మానేసి వార్డుకెళ్ళి మిగతాది చెప్పొస్తారు. రోజు మొత్తంలో ఆవిడ నవ్వేది అప్పుడే."

మర్నాడు మధ్యాహ్నం వార్డులో కళ్ళు మూసుకుని పడుకున్నాను. మా అమ్మాయి వచ్చి, నేను నిద్రపోతున్నాననుకుని పక్క మంచం దగ్గరికి వెళ్ళింది. అక్కడ కడుపు కోయించుకున్న ముసలమ్మ ఉంది. కోడలి మీద ఆవిడ చెప్పే చాడీలన్నీ తీరిగ్గా విని, కోడలి తరఫున రెండు మాటలు అంటించింది. నవ్వించకే తల్లీ, కుట్లు ఊడొస్తాయి అని ముసలమ్మ కడుపు పట్టుకుని బతిమాలింది. నేను కళ్ళు తెరిచి మా అమ్మాయి ముఖం చూశాను. అలాంటి ముఖాన్ని మా ఇంట్లో చూసి పదకొండేళ్ళయింది. దాన్ని గోదాములో పెట్టింది నేనే.

దగ్గరికి పిలిచి, శనివారం దాకా ఎందుకు, కొత్త విభాగానికి వస్తానని ఇవాళే చెప్పెయ్యమన్నాను.

అది నమ్మలేనట్టు చూసి మంచం అంచున కూర్చుంది. "అక్కడికొచ్చేవాళ్ళు చాలామంది బతకరు నాన్నా. నేనేమో ఊరికే కలిసిపోయే రకం. ఒక్కొక్కరూ పోతుంటే తట్టుకోలేనేమో."

ఈసారి నేను దుకాణం లెక్కలు తీయలేదు.

"తట్టుకోలేని రోజు ఏడుద్దువుగాని. ఇంట్లో మేమున్నాంగా," అన్నాను. "గోడకేసి చూసే కూతురికన్నా ఏడ్చే కూతురు నయం నాకు."

అది నా దుప్పటి సర్ది, ఫోను తీసుకుని వరండాలోకి వెళ్ళింది. వస్తానని ఒక్క ముక్క చెబితే చాలు. ముసలమ్మ జావ తాగడం ముగించి, గిన్నె పక్కన పెట్టి, ఎవరితోనయ్యా అంతసేపు అంది. పెద్ద డాక్టరుతో అన్నాను. అద్దాల తలుపు అవతల మా అమ్మాయి ఒక చెయ్యి తిప్పుతూ ఇంకా చెబుతూనే ఉంది.