కొంగ లేచే పుస్తకం

"ఇది కండ్లలకు దిగితే ఎట్ల అత్తా?"

ఆరేండ్ల మా సత్తెమ్మ నుదుటి మీద మొదటి పొక్కు కనబడ్డనాడే నా నోట ఈ మాట వచ్చింది. మా అత్త బాలమ్మ నా మూతి మీద ఒక్కటిచ్చింది.

"అమ్మవారు ఇంట్ల అడుగు పెట్టింది, వింటది. ఆ తల్లి పొయ్యేదాక కండ్ల మాట ఎత్తినవంటే సూడు!"

నోరు కట్టేసుకున్న. లాల్‌దర్వాజా గల్లీలో మాది ఒకటే అర్ర. గడపకు వేపమండలు కట్టి, కిటికీకి గోనెపట్టా వేసి, ముగ్గురం లోపలనే ఉన్నం. ఎండ ఎట్లుంటదో మరిచిపోయిన.

పదమూడో రోజు, పొక్కులతోని అంటుకున్న పిల్ల రెప్పలు విడినయి. కానీ చూపు దూలం మీదనే నిలిచింది. గొంతులో పొక్కులు మానినా మాట లేదు. పిలిస్తే తల తిప్పదు. "నేను కనబడుతున్ననా బిడ్డా" అని అడుగుదామంటే అత్త పక్కనే ఉండె. వేళ్లు చూపి ఎన్ని అన్నా కండ్ల మాట ఎత్తినట్టే. గుడ్డిదైందని రోజుకు పదిసార్లు మనసులోనే ఏడ్చిన.

అప్పుడు జాతరలో చూసింది యాదికొచ్చింది. ఒకడు చిన్న పుస్తకం ఆకులు సర్రున వదిలితే బొమ్మ పహిల్వాన్లు కుస్తీ పట్టిండ్రు. గట్లాంటిది చేస్తే, అడగకుండనే తెలుస్తది కదా.

పక్కింటి షౌకత్ బీకి చిన్నప్పుడే ఇది పోసి పోయింది. మొహం నిండ మచ్చలు. అందుకే మా ఇంటికి రావడానికి ఆమె ఒక్కతే భయపడలే. మనుమని కొత్త కాపీ, గీతల నోటుబుక్కు, తెచ్చిచ్చింది. నేను మూడో తరగతి దాక తెలుగు చదువుకున్నదాన్ని, తెలుగు పుస్తకం లెక్కనే ఎడమ దిక్కు అట్ట నుంచి మొదలువెట్టిన. మొదటి ఆకు మూలకు నీళ్లల్ల నిలబడ్డ కొంగ, పక్కన గడ్డి. తరువాతి ఆకులో రెక్క కొంచెం లేచింది. అట్ల నలభై ఆకులు, చివరికి మబ్బుల దాక. కాగితం పలచన, సిరా దిగి బొమ్మ ఆకు అటు దిక్కున కూడా కనబడ్డది. బొమ్మ చెడిందని అదొక ఫికర్.

"ఇది కొంగనా నాగమణీ, బాలమ్మ చెప్పా?" అని నవ్వింది షౌకత్ బీ.

"నా చెప్పుకు రెక్కలుంటే నీ నెత్తి మీదనే వాలుతుండె" అన్నది అత్త.

నా చేతులకు పసుపూ వేపనూరూ అంటి ఉన్నయి. "నువ్వే తిప్పు షౌకత్ ఆపా" అన్న. షౌకత్ బీ గోనెపట్టా మూల ఎత్తి, కాపీని తన అలవాటు ప్రకారం కుడి దిక్కు అట్ట నుంచి పట్టి ఆకులు వదిలింది. ఉర్దూ చదివే చెయ్యి. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. అప్పుడు నేను పుస్తకం చూడలే, పిల్ల కండ్లే చూస్తున్న.

"సూడు బిడ్డా, కొంగ లేస్తున్నది. మబ్బులల్లకు పోతున్నది."

షౌకత్ బీ మళ్ల వదిలింది. ఆకుల చప్పుడే. పిల్ల రెప్ప కొట్టలే. అయిపోయింది, ఇగ జన్మంతా చెయ్యి పట్టి నడిపించుడే అనుకున్న. అత్త విసిరే వేపమండ ఆగింది. మూడోసారి ఆకులన్నీ రాలి, షౌకత్ బీ చెయ్యి కిందికి దించింది.

"పోతలేదమ్మా," అన్నది సత్తెమ్మ బొంగురుగొంతుతో. "ఎనకకు దిగుతున్నది."