నీలంరంగు నడుము

అయినా దాన్ని అబద్ధమని ఎలా అంటారు, కంప్యూటర్ అడిగింది, తాను జవాబిచ్చాడు, అంతేగా. స్క్రూకీ ఎముకకీ మధ్య ఉన్నదేమిటని అడిగింది. ‘రాపిడి’ అన్నప్పుడల్లా, అంటే స్క్రూ కదలొచ్చు అన్నప్పుడల్లా, లెక్క సగంలో చతికిలబడింది. ‘అతుకు’ అనగానే గడగడా అప్పజెప్పింది. అతుకంటే ఇక ఆ స్క్రూ ఎముకలోనే పుట్టి పెరిగినట్టు. ఎంత వంగినా వదులవదు. తరవాత మారుద్దామనుకున్నాడు. మార్చలేదు.

ఆసుపత్రిలో స్కానింగ్ పక్కనున్న ఇరుకు గది అతనిది. రోగి స్కాన్‌లోంచి నడుం ఎముకల బొమ్మ కట్టి, అందులో స్క్రూలూ రాడ్లూ బిగించి, మనిషి వంగితే ఏది ఎంత ఓర్చుకుంటుందో లెక్కతీయడం అతని పని. ఈసారి ఆ నడుము పిన్నిది. తల్లి పోయిన నాటినుంచీ అతన్ని ఎత్తుకు మోసిన నడుము.

“ఇదేనా నాది?” పిన్ని తెర మీదికి వంగబోయి, నొప్పికి ఆగి, కుర్చీ చెయ్యి పట్టుకుంది. “ఎంత నీలంగా ఉందిరా! నా చీరల్లో కూడా ఇంత మంచి రంగు లేదు.”

“నీలమైతే భయం లేనట్టమ్మా. ఎర్రబడితేనే చిక్కు,” అన్నాడు డాక్టరు. “నాలుగు స్క్రూలు చాలు. ఎముక గట్టిపడేందుకు లోపల సిమెంటు కూడా పొయ్యక్కర్లేదు. మీవాడు తేల్చేశాడు.”

“అయితే నాకు వెన్నుపోటు పొడిచేది నువ్వేనన్నమాట!” పిన్ని అతని వీపు మీద చరిచింది.

డాక్టరు పగలబడి నవ్వాడు. అతనూ నవ్వాడు, కాస్త ఆలస్యంగా. చెవులు వేడెక్కాయి.

పరాయి నడుమైతే రాపిడితోనే కుస్తీ పట్టేవాడు. లెక్క మొండికేస్తే తానూ మొండికేసేవాడు. పిన్ని ఎముక లోలోపల ఎంత గుల్లబారిందో స్కాన్‌లో చూసిన రోజే ఆ పట్టు వదిలేశాడు. ఆ బొమ్మ ఎర్రబడటం చూడలేక నీలం పులిమి కూర్చున్నాడు. దానికి ప్రేమని పేరు పెట్టుకున్నాడు. ఇప్పుడు ఆమె ముందు ఆ పేరు నిలబడటం లేదు. పైగా, ఈ మాట చెబితే డాక్టరు తననేమనుకుంటాడోనన్న బెంగ, పిన్ని నడుం మీది బెంగకన్నా ఒక అడుగు ముందే నడుస్తోంది. అది తెలిసి మరీ సిగ్గేసింది.

“ఆపరేషన్‌కి రేపే చెప్పేస్తాను,” డాక్టరు తలుపు మీద చెయ్యి వేశాడు.

“వీడు చేశాడంటే తిరుగుండదు డాక్టరుగారూ. చిన్నప్పుడు లెక్క తప్పితే ఎవరూ చెప్పకుండానే కొట్టేసి మళ్ళీ చేసేవాడు.”

అతను కుర్చీలోంచి లేచాడు.

“సార్, ఆగండి. స్క్రూలు వదులవుతాయేమో నేను చూడలేదు.”

“చూడకపోవడమేంటయ్యా? మరి ఈ నీలం?”

“వదులవకుండా ముందే అతికించేశాను.”

డాక్టరు చెయ్యి తలుపు మీంచి జారింది.

“ఏమంటాడు వీడు?” పిన్ని గొంతులో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు.

అతను ఆమె వైపు తిరగలేకపోయాడు. మౌస్ దగ్గరికి లాక్కుని, ‘అతుకు’ తీసేసి, ‘రాపిడి’ మీద నొక్కాడు.