వానపాట కింద టబ్బు

శుక్రవారం వస్తే సిద్ధమ్మ ఎగైలాలో తాను మామా అని పిలిచే అరబ్బు యజమానురాలి ఇంటి పని ముగించుకుని, రిగ్గైలో మస్తాన్ బీ గదికి చేరేది. ఇద్దరిదీ రాయచోటి పక్కే. ఒకరు సంగటి కెలికితే ఇంకొకరు పప్పు ఎనిపేవారు. టీవీలో మాత్రం పాత సినిమా ఉండాల్సిందే.

ఆ టీవీలోంచే నెల కిందట వానపాట హీరోయిన్ దిగివచ్చింది. కొత్త సినిమాల్లో ఆమెకు పనిలేదు. ఇప్పుడు తడిసేదంతా హీరోనే, అదీ నెత్తుట్లో! దిగిందే గానీ ఆమె చీర ఆరలేదు, ఎక్కడ కూర్చుంటే అక్కడ నీళ్లు. మస్తాన్ బీ బట్టలుతికే టబ్బులో స్టూలు వేసి కూర్చోబెట్టి, "ఇఖామా ఉందా పాపా?" అని, ఈ దేశంలో ఉండే పర్మిట్ గురించి మాత్రం అడిగింది.

ఈ శుక్రవారం సిద్ధమ్మకు ముద్ద దిగడం లేదు. మామా సెలవిచ్చి, ఊరికి టికెట్ చేతిలో పెట్టింది. బేస్తవారం విమానం. ఆరేళ్లుగా మొగుడు పెంచల్ వీడియో కాల్ చేసినప్పుడల్లా వేలు అడ్డం పెట్టి, కెమెరా చెడిపోయిందని చెబుతూ వచ్చింది. వచ్చిన రోజుల్లో చువ్వలా ఉండేది. ఇప్పుడు నడుమెక్కడుందో తనకే తెలీదు, ముందు జుట్టు ఊడిపోయింది. పాపం, సిగ్గుతో చచ్చిపోతోంది.

"నేను పోనుక్కా. టికెట్ వాపసు ఇచ్చేచ్చా."

హీరోయిన్ చూపంతా సంగటి మీదే ఉంది. "ముప్పై ఏళ్లుగా కడుపు లోపలికి పీల్చుకునే ఉన్నానండీ. వదిలెయ్యొచ్చా?"

"వదిలెయ్ పాపా. ఈడ జూసేటోళ్లెవురు?" అంది మస్తాన్ బీ.

వదిలింది. ఆ ఊపిరికి కిటికీ పరదాలు లేచాయి. నడుము అందరి ఆడవాళ్ల నడుమంత అయింది, చీర ఆరిపోయింది. టబ్బు దిగి, ఇంకో ముద్ద వెయ్యమంది. సిద్ధమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ నవ్వులోనే ఫోను మోగితే ఎత్తింది, వేలు అడ్డం పెట్టడం మరిచింది.

ఎదురుగా పెంచల్. అతను ఫోనుకు మొహం దగ్గరగా తెచ్చాడు.

"మే, ఫోను రోంత దూరం పెట్టు," అన్నాడు. "నిన్ను నిండుగా జూసుకోవాల."

సిద్ధమ్మ లేచి నిలబడి చెయ్యి బారుగా చాచింది. "బేస్తవారం వచ్చాండా," అంది.

నుదుటి మీద చినుకు పడింది. పైన చూస్తే ఎండిన సున్నం కప్పే. ఇంకో చినుకు, ఆపైన జల్లు.

మస్తాన్ బీ సంగటి చేత్తోనే లేచి, టబ్బును సిద్ధమ్మ కాళ్ల కిందికి జరిపింది.