నెత్తురు లేని పట్టిక

ఆ మధ్య కరుణకు ఒళ్ళు మండడానికి పెద్ద కారణాలు అక్కర్లేకపోయేవి. ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్ మెట్ల మీద ఎవరైనా "థీసిస్ ఎందాక వచ్చింది?" అని పలకరిస్తే చాలు. థీసిస్ అయిపోయింది. సోమవారం సెమినార్‌లో చూపించి సంతకాలు పెట్టించుకోవడమే తరువాయి. నెలాఖరుకు ఫెలోషిప్ ఆగిపోతుంది కాబట్టి ఆలోగా ఆ తంతు ముగియాలి కూడా. కాకపోతే అందులో ఉన్నది తప్పు. ఆ సంగతి ఆమెకు తెలుసు, గైడు కొండలరావుకు మాత్రం చెవికెక్కదు.

ఆమె చేసిన పని చెప్పడం తేలికే. గుండె రక్తనాళంలోకి వెంట్రుకలాంటి సన్నని గాజు తీగ పంపి, దాని కొసన వెలుగు వేసి, నాళం గోడను లోపలి నుంచి ఫొటో తీస్తారు. ఎక్కడ కొవ్వు పేరుకుందో, వేసిన స్టెంటు సరిగ్గా అతుక్కుందో అందులో తెలుస్తుంది. అయితే నెత్తురు అడ్డముంటే వెలుగు గోడదాకా పోదు. అందుకని ఫొటో తీసే ఆ కాసేపు నెత్తురును మరో ద్రవంతో పక్కకు నెట్టాలి. డాక్టర్లు మామూలుగా ఎక్స్‌రే డై వాడతారు. అది బాగానే నెడుతుంది గానీ కిడ్నీలకు బరువు. సెలైన్‌తో నెడితే కిడ్నీలకు హాయి. ఫొటో దేనితో బాగా వస్తుందో పోల్చి చెప్పడమే కరుణ థీసిస్.

పోల్చింది మేక గుండెల్లో. అంబర్‌పేట్‌లో ముఖేష్ మటన్ దుకాణం నుంచి తెచ్చిన గుండెలను డిపార్ట్‌మెంట్ వెనక నల్లా కింద పాలిపోయేదాకా కడిగితే గానీ కొండలరావు లోపలికి తేనిచ్చేవాడు కాదు. దసరాకు లేజర్‌కు బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టే మనిషాయన. ఆ గడప నెత్తురు దాటకూడదు. "ముందు నీళ్ళతో అలవాటు పడమ్మా, రక్తం సంగతి తర్వాత చూద్దాం" అన్నాడు మొదటి ఏడు. ఆ తర్వాత అనేది రానే లేదు. నాళాల్లో నెత్తురుకు బదులు మంచినీళ్ళే పారాయి. ఆ నీళ్ళను డై నెట్టినా సెలైన్ నెట్టినా ఫొటో అద్దంలాగే వచ్చింది, పట్టికలో రెండు వరుసలూ కవల పిల్లల్లా కూర్చున్నాయి. నెట్టాల్సిన నెత్తురే లేకపోతే ఇంక పోల్చడమేమిటి? అడిగినప్పుడల్లా ఆయన "నువ్వు ఊరికే కంగారు పడతావమ్మా" అని ఫైలు మూసేసేవాడు.

శుక్రవారం ఆయన ఎందుకో లీవు పెట్టాడు. అదే అదనుగా కరుణ ఫొటోలు తీసే మిషన్‌ను చక్రాల బల్ల మీద నల్లా దగ్గరికే తోసుకొచ్చింది. ముఖేష్ దగ్గర మొదట తెచ్చిన నెత్తురు తార్నాక సిగ్నల్ దాటేలోపే గడ్డకట్టి ఊరుకుంది. తిట్టుకుంటూ మళ్ళీ పోయి, ఈసారి గడ్డకట్టకుండా మందు కలిపి తెచ్చింది. పక్క ల్యాబ్ దేవేందర్ స్క్రీన్ మీద ఎండ పడకుండా దుప్పటి పట్టుకున్నాడు.

"ఇంత లొల్లి ఎందుకక్కా? సార్ సంతకం పెడతా అంటున్నడు గద."

"సక్కగ పట్టుకోరా," అంది కరుణ.

డైతో నెట్టినప్పుడు గోడ గీత గీసినట్టు కనబడింది. సెలైన్‌తో నెట్టినప్పుడు సగం ఫొటోలు మసక. ఆమె పంపు తోసే వేగానికి సెలైన్ నెత్తురును నెట్టడం మానేసి అందులోనే కలిసిపోతోంది. అప్పుడామె అన్న మాటలు ఇక్కడ రాయదగినవి కావు.

సాయంత్రం ఆ ఫొటోలు పట్టుకుని తార్నాకలో సార్ ఇంటికి వెళ్ళింది. ఇవాళ ఆయన వినకపోతే వినేదాకా అరవాలనే వెళ్ళింది. తలుపు తీసింది ఆయన భార్య కమలాదేవి. ఆవిడ ముఖం పీక్కుపోయి ఉంది.

"రామ్మా. రేపు మీ సార్‌కి స్టెంటు వేస్తారట. ఆ షుగరూ, ఆ కిడ్నీలూ, నాకైతే కాళ్ళూ చేతులూ ఆడట్లేదు. ఆయనేమో నీ పేరు చెప్పి ధైర్యంగా ఉన్నారు."

సోఫాలోంచి కొండలరావు నవ్వాడు. "లోపల ఫొటో తీయాలిట. ఆ డై నా కిడ్నీలకు పడదేమోనని డాక్టరు సంశయం. మా ల్యాబ్ అమ్మాయి పోల్చి చూసింది, సెలైన్ చాలు, ఫొటోలో తేడా రాదని చెప్పాను. మన రిజల్ట్స్ కూడా పంపాను. సరేనన్నాడు."

అరవాలనుకున్నదంతా ఎటు పోయిందో పోయింది. కరుణకు భయం పట్టుకుంది. లాప్‌టాప్ తెరిచి ఆయన ఒళ్ళో పెట్టింది.

"ఇవి చూడండి సార్. పొద్దున నెత్తురు పోసి తీసిన. గిది డై, గిది సెలైన్."

ఆయన చూశాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. నెత్తురు ఎవరు తెమ్మన్నారని అడుగుతాడనుకుంది. అడగలేదు. ఫోన్ తీసి డాక్టరుకు కలిపాడు.

"నమస్కారమండీ, కొండలరావుని. రేపు సెలైన్ వద్దు, డై వాడండి. వీలైనంత తక్కువే వాడండి గానీ డైతోనే కానివ్వండి. నేను పంపిన కాగితం పక్కన పెట్టేయండి."

కమలాదేవి కుర్చీలో కూలబడి ఊపిరి పీల్చుకుంది. కరుణకూ గుండె కుదుటపడింది. ఇంకో ఏడు పడితే పడింది, ఇన్నాళ్ళకైనా ఈయనకు తెలిసొచ్చింది అనుకుంటూ లాప్‌టాప్ అందుకుంది.

"సోమవారం నేను లేకపోయినా హెడ్ ఉంటాడు, సెమినార్ కానిచ్చేయి," అన్నాడు కొండలరావు. "పాత రిజల్ట్సే చూపించు. ఇవి బయటపెట్టకు. వాటితో రాసిన మన పేపర్ జర్నల్లో అచ్చుకు వెళ్ళిపోయిందమ్మా, ఇప్పుడు కెలికితే ఇద్దరి పరువూ పోతుంది."

కరుణకు కోపంతో చెవులు వేడెక్కాయి.

"మీ గుండెకు పనికిరానిది వేరేటోళ్ళ గుండెకు ఎట్ల పనికొస్తది సార్?"

కమలాదేవి కూడా ఆయన వైపు తిరిగింది.

"సెమినార్ వద్దని హెడ్ సార్‌కు ఇప్పుడే చెప్త. మీరు నిమ్మళంగ పండుకోండి," అని కరుణ చెప్పులు వేసుకుంది.

"ఫెలోషిప్ ఆగిపోతుంది కదమ్మా," అన్నాడు ఆయన వెనక నుంచి. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అడిగాడు. "మళ్ళీ మొదటి నుంచి అంటే, ఎలా బతుకుతావు?"

కరుణ మెట్లు దిగుతూ హెడ్‌కు ఫోన్ కలిపింది.