టి నొక్కితే తెరుచుకున్నది

మేనమామ నడిపే చిన్న కంపెనీలో ఆమెది సర్వర్లు చూసుకునే పని. ఎక్కడెక్కడో ఉన్న ఆసుపత్రుల కంప్యూటర్లను కూర్చున్నచోటి నుంచే చక్కబెడుతుంది. ప్రతిసారీ పొడుగాటి చిరునామాలు కొట్టలేక, ఆదేశాలు టైపు చేసే టెర్మినల్ తెరలో షార్ట్‌కట్లు పెట్టింది. కంట్రోల్, బి కలిపి నొక్కి వదిలి, ఒక్క అక్షరం కొడితే చాలు, కావలసిన సర్వర్ కొత్త విండోలో తెరుచుకుంటుంది. టి అంటే టెస్ట్ సర్వర్. దాన్ని పడగొట్టినా లేపినా అడిగేవాళ్లు లేరు. ఆఫీసంతా అవే షార్ట్‌కట్లు వాడుతుంది.

ఆ పొద్దున అలవాటుకొద్దీ టి నొక్కి, రీస్టార్ట్ కొట్టి, కాఫీకి లేచింది. కప్పు చేతికి రాకముందే ఫోన్లు మొదలయ్యాయి. పిల్లల ఆసుపత్రిలో ఓపీ చీటీలు రావడం ఆగిపోయింది. జ్వరం పిల్లల్ని భుజాన వేసుకుని తల్లులు వరండా దాకా నిలబడ్డారట.

"కళ్లు నెత్తికెక్కాయా? ఏ సర్వరో చూసుకోవద్దూ?" మేనమామ అందరి ముందూ కడిగేశాడు.

తప్పు తనదే అనుకుంది ఆమె. సర్వర్ని లేపి, చీటీలు కదిలాయని తెలిశాక షార్ట్‌కట్ల ఫైలు తెరిచింది. అక్షరాలన్నీ తారుమారై ఉన్నాయి. మార్చినవారి పేరు చూడగానే ఒళ్లు మండిపోయింది. తిన్నగా అతని గదిలోకి వెళ్లింది.

"ఇవి నువ్వు మార్చావా, మావయ్యా?"

"నిన్న కాస్త సర్దానమ్మా. దిక్కుల ప్రకారం పెడితే గుర్తుంటుందని. పిల్లల ఆసుపత్రి తూర్పున ఉంది కదా, దానికి టి. టెస్ట్‌కి ఎక్స్ ఇచ్చా."

"నాకు చెప్పావా?"

"చెప్దామనుకున్నా, పనిలో పడి మర్చిపోయా. అయినా విండో మీద పేరుంటుందిగా."

"చూసుకోలేదు. దానికి తిట్లు తిన్నా. మరి నువ్వు చేసినదానికో? ఆసుపత్రికి ఫోన్ చేసి, అక్షరాలు మార్చింది నువ్వేనని చెప్పు."

"ఇంటిపిల్లవి, ఇంత చిన్నదానికి..."

"ఇంటిపిల్లననే కదా నలుగురిలో అంత మాటన్నావు. బయటివాళ్లనైతే తలుపేసి మాట్లాడేవాడివి."

ఆమె తలుపు బార్లా తెరిచి అక్కడే నిలబడింది. అతను గొంతు తగ్గించి ఫోన్లో చెప్పాడు. తగ్గించినా అందరికీ వినిపించింది.

టి మళ్లీ టెస్ట్‌కే వెళ్లింది. ఆసుపత్రులకు ఆమె ఒక్క అక్షరపు షార్ట్‌కట్లే తీసేసింది. ఇకమీదట ఎవరైనా ఆసుపత్రి పేరు పూర్తిగా కొడితేనే సర్వర్ తెరుచుకుంటుంది, అదీ ఎర్రటి విండోలో.

సాయంత్రం మేనమామ గేటు దగ్గర బండి ఆపాడు. "ఎక్కు, దింపుతా."

"నడుస్తాను."

ఇల్లు చేరేదాకా బిగించిన పళ్లు వదల్లేదు.