తేదీ పెట్టెకు కొలత

ఫణి పనిచేసే కంపెనీ సాఫ్ట్‌వేర్ మొత్తం చేసేది కాదు. వేరేవాళ్ళు తమ సాఫ్ట్‌వేర్‌లో అతికించుకునే విడిభాగాలు చేసి అమ్మేది. అందులో తేదీ ఎంచుకునే పెట్టె ఫణి చేతి పని. బాణం నొక్కితే నెల మారుతుంది, గడి నొక్కితే తేదీ పడుతుంది. అంత మాత్రానికే తిండీ నిద్రా మానుకున్నాడు మహానుభావుడు. ఇక కంప్యూటర్ ముట్టని మనిషి దాన్ని ఎంత సులువుగా వాడగలరో కొలవాలి. కొలత బాగా రాకపోతే పెట్టె మూలకేనని పై అధికారి మైథిలి ముందే చెప్పింది.

అలాంటి మనిషి హైదరాబాదు ఛత్రినాకలో అతని ఇంటి ఓనరే. కింది వాటాలో బర్రెలు పెట్టుకుని పాలమ్మే శారదమ్మకు తెలుగు చదవడం వచ్చు, మౌస్ ఎన్నడూ పట్టలేదు. మైథిలి ఆదివారం వస్తానంది. ఫణికి భయం పట్టుకుంది. శనివారమే ఆవిడను తన కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, బోనాల తేదీ పెట్టడం చిలక్కి నేర్పినట్లు నేర్పాడు. మైథిలి అడగబోయేది అదేనని అతనికి తెలుసు. చేస్తున్నది మోసమనీ తెలుసు.

మర్నాడు శారదమ్మ పట్టుచీర కట్టుకుని వచ్చింది. మైథిలి తన లాప్‌టాప్‌లో పెట్టె తెరిచి, గడియారం చూస్తూ బోనాల తేదీ పెట్టమంది. బాణం, బాణం, గడి. చిటికెలో అయిపోయింది. మైథిలి మురిసిపోయి, పెట్టె మళ్ళీ తెరిచి, ఈసారి శారదమ్మ కూతురు అమల పుట్టినరోజు ఎప్పుడో అడిగి, అది పెట్టమంది. అది దసరా నెలలో.

శారదమ్మ మళ్ళీ బాణం, బాణం, అదే గడి నొక్కింది. బోనాల తేదీయే వచ్చింది. నెలల పేర్లు ఇంగ్లీషులో ఉన్నాయి మరి, ఆవిడ చదివేదెలా? నిన్న ఆ సంగతి ఫణి గమనించనే లేదు. చెమటలు తుడుచుకుంటూ ఆవిడ అతని వంక చూసింది.

“నిన్న నువ్వు జెప్పినట్లె ఒత్తిన గద బిడ్డా.”

మైథిలి ఫణి వైపు తిరిగింది. అతనికి తల కొట్టేసినట్లయింది. ఆ ముఖం చూసి శారదమ్మకు ఏదో అర్థమైంది.

“ఆయనేం నేర్పలే మేడం,” అంది గబగబా. “నాకే సమజ్ కాలే.”

తప్పు తనదని ఫణి చెప్పాలి. ఆ పని చెయ్యకుండా మౌస్ తీగ సర్దసాగాడు. మైథిలి లాప్‌టాప్ మూసుకుని వెళ్ళిపోయింది.

ఫణి తలదించుకుని నిలబడ్డాడు. శారదమ్మ కుర్చీలోంచి లేవలేదు.

“నాతోని నీ నౌకరికేం గాదు గద బిడ్డా? మల్లొక్కపారి నేర్పు. గీసారి తప్పు జెయ్య.”